టెంట్లను నిషేధించిన నగరంలో అన్నం పొట్లాలు పంచవచ్చా?

మీరు అడిగినవాటిలో మూడు ప్రశ్నలున్నాయి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో వాగు గట్టున టెంట్లలో ఉండేవారికి ఆదివారాలు పులిహోర పొట్లాలు పంచుతున్నారు కదా, కొత్త నిషేధం వల్ల మీకూ శిక్ష పడుతుందా, హెచ్-1బి వీసాకు చిక్కు వస్తుందా అన్నది మొదటిది. చోటు లేని మనిషిని బయట పడుకున్నందుకు శిక్షించే అధికారం ఒక నగరానికి ఎలా వచ్చిందన్నది రెండోది. మూడోదాన్ని మీరు చివర్లో కొంచెం మొహమాటంగా రాశారు. పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లలేకపోతున్నామని మీ భార్య బాధపడుతున్నారు, ఆవిడ మాటలోనూ తప్పు కనిపించడం లేదు, మరి మీరు ఏ పక్షాన నిలబడాలి?

నేను న్యాయవాదిని కాను. ఫ్రీమాంట్ ఉన్న అలమేడా కౌంటీలో పదహారేళ్లుగా ఇల్లు లేనివారి మధ్య తిరుగుతున్నాను. మొదట్లో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు వెళ్లేదాన్ని, పదేళ్లుగా ఇదే నా పని. చట్టం గురించి నాకు తెలిసినదంతా కౌన్సిల్ సమావేశాల్లో కూర్చుని, టెంట్ల తొలగింపు నోటీసులు చదివి, లీగల్ ఎయిడ్ న్యాయవాదుల వెంట తిరిగి నేర్చుకున్నదే.

ముందు మీ భయం తీరుస్తాను. ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టడం ఫ్రీమాంట్‌లో నేరం కాదు. అలాగని మీ వాట్సాప్ బృందంలో తిరుగుతున్న మాట ఊరికే పుట్టిందీ కాదు. 2025 ఫిబ్రవరిలో సిటీ కౌన్సిల్ 6-1 ఓట్లతో ఆమోదించిన నిషేధంలో టెంటు వేసుకున్నవారితో పాటు, అందుకు అనుమతించినవారు, సహకరించినవారు, దాన్ని దాచిపెట్టినవారు కూడా శిక్షార్హులే అన్న నిబంధన ఉండేది. శిక్ష 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అన్నం, నీళ్లు ఇచ్చేవారి జోలికి రాబోమని నగర అధికారులు చెప్పారు గాని, ఆ హామీ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే దావా పడింది, దేశమంతటా పత్రికలు రాశాయి, మార్చిలో కౌన్సిల్ మళ్లీ కూర్చుని ఆ నిబంధనను తొలగించింది. మీ బృందంలో తిరుగుతున్నది తొలగించకముందు పాఠం. టెంట్ల మీద నిషేధం మాత్రం అలాగే ఉంది.

నేరానికి తోడ్పడితే నేరమే అన్న సాధారణ సూత్రం కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో ఎలాగూ ఉంది. అది వర్తించాలంటే ఆ నేరం జరగాలన్న ఉద్దేశంతో, తెలిసి సాయం చేసి ఉండాలి. ఆకలి తీర్చడం దాని కిందికి రాదు. టెంట్లు కొనివ్వడం, తొలగింపు రోజున పోలీసులకు అడ్డంగా నిలబడటం వేరే సంగతి. వీసా మీద ఉన్నవారు ఈ రెండింటికీ సిద్ధపడే ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని తప్పకుండా అడగాలి. కేసు నిలబడకపోయినా, అరెస్టు నమోదైనంత మాత్రానే వీసా రద్దయిన సందర్భాలు ఉన్నాయి. మీకు కుటుంబం ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అన్నం పంచడానికి మాత్రం వేరే నియమాలున్నాయి. బయట వండిన పదార్థాలను క్రమం తప్పకుండా పంచే బృందాలు కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగాన్ని ఒకసారి సంప్రదించాలి. చిన్న దాతృత్వ బృందాలు నమోదు చేసుకోవడానికి 2018లో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది, ఆ ఫారం మీకు ఉపయోగపడవచ్చు. కొన్ని నగరాలు ఇంకా కఠినంగా ఉన్నాయి. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో 2012 నాటి నిబంధన ప్రకారం ఐదుగురికి మించి అన్నం పెట్టాలంటే ఆ స్థలం యజమాని అనుమతి కావాలి, నగర గ్రంథాలయం దగ్గర వడ్డించినవారికి జరిమానా చీటీలు కూడా రాశారు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో 2014లో తొంభై ఏళ్ల వృద్ధుడి మీద ఇలాంటి కేసే పెట్టారు. ఆ నగరంలోనే మరో బృందం వేసిన దావాలో, పార్కులో అందరితో కలిసి అన్నం పంచుకోవడం కూడా భావ ప్రకటనే, దానికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని 2018లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ తీర్పు కాలిఫోర్నియాను కట్టిపడేయదు, కానీ ఇక్కడి న్యాయవాదులు దాన్ని ఉదహరించవచ్చు.

మీ పులిహోర గురించి ఒక మాట. వీధిలో ఏళ్ల తరబడి ఉన్నవారిలో చాలామందికి పళ్లు సరిగా ఉండవు. వేరుశెనగ పప్పులు నమలలేక పొట్లం పక్కన పెట్టేయడం నేను చాలాసార్లు చూశాను. పప్పులు, ఎండుమిర్చి లేకుండా మెత్తగా కలిపిన దద్దోజనం, అరటిపళ్లు, నీళ్లు ఇవ్వండి. వాటితో పాటు ఒక జత పొడి మేజోళ్లు ఇస్తే వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు.

ఇక రెండో ప్రశ్న. మనకు ఆర్డినెన్స్ అంటే చట్టసభ నడవనప్పుడు గవర్నరో రాష్ట్రపతో జారీచేసేది. ఇక్కడ నగర కౌన్సిల్ ఓటు వేసి చేసే చట్టాన్నే ఆర్డినెన్స్ అంటారు. ఫ్రీమాంట్ వంటి కాలిఫోర్నియా నగరాల్లో అది రెండు వేర్వేరు సమావేశాల్లో కౌన్సిల్ ముందుకు రావాలి, మామూలుగా ఆమోదం పొందిన 30 రోజులకు అమల్లోకి వస్తుంది. మనలాంటివారు వెళ్లి మాట్లాడటానికి ఉన్న సమయం అదే, మనవారిలో ఎక్కువమంది దాన్ని వదులుకుంటారు.

2018 నుంచి 2024 వరకు కాలిఫోర్నియాతో సహా తొమ్మిది పశ్చిమ రాష్ట్రాల్లో నగరాల చేతులు కొంతవరకు కట్టేసి ఉండేవి. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరం మీద వచ్చిన కేసులో ఆ రాష్ట్రాలన్నిటికీ వర్తించే ఫెడరల్ కోర్టు అయిన తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక గీత గీసింది. ఆశ్రయ కేంద్రంలో పడక ఖాళీ లేనప్పుడు బయట పడుకున్న మనిషికి శిక్ష వేస్తే అది రాజ్యాంగం ఎనిమిదో సవరణ నిషేధించిన క్రూరమైన, అసాధారణమైన శిక్ష అవుతుందన్నది. ఈ వాదనకు మూలం 1962 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. మాదకద్రవ్యాలకు బానిసై ఉండటాన్నే నేరంగా చూసిన ఒక కాలిఫోర్నియా చట్టాన్ని అప్పుడు కొట్టేశారు. మనిషి చేసిన పనిని శిక్షించవచ్చు గాని, మనిషి ఉన్న స్థితిని శిక్షించకూడదు. ఇల్లు లేకపోవడం స్థితి అయితే, ఆ స్థితిలో ఉన్నవాడు నిద్రపోకుండా ఉండలేడు కదా అని బోయిసీ తీర్పు ఆ వాదనను ఒక అడుగు ముందుకు తీసుకెళ్లింది.

ఆ గీతను చెరిపేసిన కేసు ఆరెగాన్ దక్షిణాన ఉన్న గ్రాంట్స్ పాస్ అనే చిన్న నగరానిది. జనాభా నలభై వేల లోపు. అక్కడి నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో నిద్ర కోసం దుప్పటి పరిచినా శిబిరం వేసినట్లే. మొదటి జరిమానా 295 డాలర్లు, కట్టకపోతే 537.60 డాలర్లు. రెండుసార్లు పట్టుబడితే 30 రోజులు పార్కుల్లోకి రాకూడదన్న ఉత్తర్వు ఇస్తారు. దాన్ని మీరితే అక్రమ ప్రవేశం కింద 30 రోజుల వరకు జైలు, 1,250 డాలర్ల వరకు జరిమానా. ఊళ్లో పెద్దవాళ్ల కోసం ఉన్న పెద్ద ఆశ్రయం ఒకటే, అదీ ప్రైవేటు మత సంస్థది, ప్రార్థనలకు హాజరు కావడం వంటి షరతులతో. 2013లో జరిగిన ఒక బహిరంగ సమావేశంలో అప్పటి కౌన్సిల్ అధ్యక్షురాలు, వీళ్లకు మన ఊళ్లో ఎంత ఇబ్బంది కలగాలంటే వాళ్లే దారి పట్టి ముందుకు పోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట కోర్టు పత్రాల్లోకి ఎక్కింది. నా దృష్టిలో ఈ విధానం మొత్తానికి అదే నిజమైన నిర్వచనం.

2024 జూన్ 28న సుప్రీంకోర్టు 6-3తో నగరానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ గోర్సచ్ తర్కం ఇది: ఎనిమిదో సవరణ నేరం రుజువయ్యాక ఏ రకం శిక్ష వేయవచ్చన్నదాని గురించి, దేన్ని నేరమనవచ్చన్నదాని గురించి కాదు. చట్టం శిక్షిస్తున్నది శిబిరం వేయడమనే పనిని, ఆ పని ఇల్లు లేనివాడు చేసినా సెలవుపై వచ్చిన యాత్రికుడు చేసినా ఒకటే. నిద్ర శరీర ధర్మం, నేరం కాదంటూ జస్టిస్ సొటొమయోర్ తన భిన్నాభిప్రాయాన్ని మొదలుపెట్టారు. నేను రెండూ పూర్తిగా చదివాను. ఊళ్లో ఇల్లున్న యాత్రికుడికి, దుప్పటి తప్ప మరేమీ లేని ముసలావిడకు చట్టం సమానంగా వర్తిస్తుందన్న మాట నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత దేశంలో వందకు పైగా నగరాలు ఇలాంటి నిషేధాలు తెచ్చాయి. దీన్ని ఒక పార్టీ పనిగా చూడకండి. సుప్రీంకోర్టు ఈ విషయం చేపట్టాలని కోరినవారిలో మన గవర్నర్ న్యూసమ్ కూడా ఉన్నారు. తీర్పు వచ్చిన నెలలోపే రాష్ట్ర స్థలాల్లో శిబిరాల తొలగింపుకు ఆయన ఉత్తర్వు ఇచ్చారు. 2025 మేలో నగరాలకు ఒక నమూనా చట్టం పంపారు. ఒకే చోట వరుసగా మూడు రోజులకు మించి శిబిరం ఉండకూడదన్నది అందులో ముఖ్యాంశం.

అయితే ఈ తీర్పు నగరాలకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి. కోర్టు తేల్చింది ఎనిమిదో సవరణలోని ఒక్క వాదనను. వీధిలో వదిలి వెళ్లిన సామాన్లను నోటీసు లేకుండా తీసుకుని నాశనం చేయకూడదని లాస్ ఏంజెలెస్ కేసులో 2012లో వచ్చిన తీర్పు అలాగే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం అలాగే ఉంది. రాష్ట్ర చట్టాలూ ఉన్నాయి. గెలిచిన గ్రాంట్స్ పాస్ సంగతే చూడండి. బయట కూర్చోవడం, పడుకోవడం, ఒంటిని వెచ్చగా ఉంచుకోవడం మీద నగరాలు పెట్టే ఆంక్షలు వేళ, స్థలం, పద్ధతి విషయంలో సమంజసంగా ఉండాలని ఆరెగాన్ శాసనసభ 2021లోనే చట్టం చేసింది. దాని ఆధారంగా వికలాంగుల హక్కుల సంస్థ ఒకటి దావా వేస్తే, కనీసం 150 మందికి చోటు చూపించేవరకు నిషేధం అమలు చేయరాదని 2025 మార్చిలో స్థానిక న్యాయమూర్తి ఆదేశించారు. ఆ ఏడాది ఆగస్టులో నగరం రాజీకి వచ్చి ఆ 150 చోట్లు ఏర్పాటు చేయడానికి ఒప్పుకుంది. సుప్రీంకోర్టులో గెలిచిన ఊరే చివరికి చోటు చూపించాల్సి వచ్చింది.

చట్టం పుస్తకంలో ఉన్నప్పుడు ఒకలా, వాగు గట్టున తెల్లవారుజామున అమలవుతున్నప్పుడు ఒకలా ఉంటుంది. అది చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. ఏ నగరమో చెప్పను. అక్కడ ఒక శిబిరంలో అరవై దాటిన మనిషి ఉండేవాడు, గిడ్డంగుల్లో పనిచేసి నడుం పోగొట్టుకున్నవాడు. అతనికి ప్రభుత్వ అద్దె సాయం దాదాపు ఖాయమైంది. దానికి గుర్తింపు కార్డు, జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలి. ఆ మూడింటినీ సంపాదించడానికి మా సహోద్యోగికి ఏడు నెలలు పట్టింది. తొలగింపు నోటీసు మంగళవారం అన్నారు. అతను ఆసుపత్రిలో డాక్టరును చూసి తిరిగి వచ్చేసరికి టెంటు, సంచీ, అందులోని కాగితాలు, ఇన్సులిన్, ఫోను అన్నీ చెత్త లారీలో వెళ్లిపోయాయి. ఇల్లు సిద్ధమైందని చేసిన ఫోను అతనికి చేరలేదు. మేం అతన్ని వెతికి పట్టుకునేసరికి ఆ అవకాశం మరొకరికి వెళ్లిపోయింది. మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాం.

ఇదేదో అరుదుగా జరిగిన దురదృష్టం కాదు, ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటివి పదో ఇరవయ్యో ఉంటాయి. జరిమానా దారి కూడా ఇలాగే ఉంటుంది. 295 డాలర్లు లేనివాడు కట్టడు, అది పెరుగుతుంది, వసూలు సంస్థకు వెళుతుంది, క్రెడిట్ పాడవుతుంది. కోర్టు తేదీ చెప్పిన ఉత్తరం అందుకోవడానికి చిరునామా ఉండదు, హాజరు కాకపోతే వారంటు వస్తుంది. తర్వాత ఎప్పుడో కాస్త పని దొరికి అద్దెకు దరఖాస్తు చేస్తే, ఇంటి యజమాని చూసేది ఆ నేర చరిత్రనే. ఇల్లు లేనందుకు పడిన శిక్ష, ఇల్లు దొరకకపోవడానికి కారణమవుతుంది. ఇవన్నీ కళ్లారా చూశాను కనుకనే ఈ నిషేధాలను నేను వ్యతిరేకిస్తాను.

ఇప్పుడు మీ భార్య మాట. ఆవిడను తప్పుపట్టకండి. నేను శిబిరాల్లో తిరిగేదాన్ని కాబట్టి అక్కడేముంటుందో నాకు తెలుసు. సూదులుంటాయి, మంటలు అంటుకుంటాయి, ఎలుకలుంటాయి, వానాకాలంలో ఆ మురికంతా వాగులోకి పోతుంది. ఆ శిబిరాల్లో ఆడవాళ్లకు రాత్రిపూట ఎదురయ్యే ప్రమాదం మన పార్కు భయానికి ఎన్నో రెట్లు. ఆరెగాన్‌లోని పోర్ట్‌లండ్‌లో కాలిబాటల మీది టెంట్ల వల్ల చక్రాల కుర్చీలు నడవలేకపోతున్నాయని వికలాంగులే 2022లో నగరం మీద దావా వేశారు, నగరం రాజీపడి కాలిబాటలు ఖాళీగా ఉంచుతానని ఒప్పుకుంది. అది న్యాయమైన కోరిక. టెంటులో బతకడం ఎవరి హక్కుగానో నేను పోరాడటం లేదు. టెంటు నుంచి లేపినప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పాలంటున్నాను, అంతే.

అలా చెప్పిన నగరం ఉంది. హ్యూస్టన్‌లో 2017 నుంచి టెంట్ల నిషేధం ఉంది, అన్నం పెట్టడం మీద కూడా ఆంక్ష ఉందని పైన రాశాను. ఆ ఆంక్ష తప్పే. అయినా 2011తో పోలిస్తే అక్కడ ఇల్లు లేనివారి సంఖ్య సగానికి పైగా తగ్గింది. నగరం, కౌంటీ, పదుల కొద్దీ స్వచ్ఛంద సంస్థలు ఒకే జాబితా మీద పనిచేశాయి. శిబిరాన్ని మూసే ముందు వారాల తరబడి అక్కడికి వెళ్లి ఒక్కొక్కరికీ గది చూపించి, ఆఖరి మనిషి వెళ్లాక స్థలాన్ని మూసేశారు. టెక్సస్‌లో అద్దెలు తక్కువ, అపార్టుమెంట్లు త్వరగా కడతారు, అది వాళ్లకు కలిసొచ్చింది. ఫ్రీమాంట్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ 45 పడకల ఆశ్రయ కేంద్రం పెడతామంటేనే 2019లో ఎంత వ్యతిరేకత వచ్చిందో, పాతవారిని అడిగితే చెబుతారు. అది 2020లో సిటీ హాలు పక్కన తెరుచుకుంది, దానివల్ల ఏ ప్రళయమూ రాలేదు. టెంట్లు వద్దన్నప్పుడూ, ఆశ్రయం మా వీధిలో వద్దన్నప్పుడూ చెయ్యెత్తేది చాలావరకు మనలాంటి ఇళ్లున్నవాళ్లే. ఇంట్లో మీరిద్దరూ మాట్లాడుకోవాల్సింది ఇదే అనుకుంటాను.

మన దేశంలో కాలిబాట మీద పడుకున్నవాణ్ని ఎవరూ ఏమీ అనరు అని రాశారు. అది పూర్తిగా నిజం కాదు. బొంబాయి కాలిబాట నివాసుల కేసులో 1985లో మన సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనన్నది, అదే తీర్పులో తగిన నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చనీ అన్నది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, వీధుల్లోని వారిని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. తేడా ఒక్కటుంది. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు నూరు మందికి సరిపోయే ఆశ్రయం ఉండాలన్న లెక్క మన దగ్గర కాగితం మీదైనా ఉంది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల వల్ల, తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ వల్ల వచ్చిన లెక్క అది. 2024 జనవరి గణనలో 7,71,480 మంది ఇల్లు లేనివారు తేలిన అమెరికాలో నగరాల మీద అలాంటి జాతీయ బాధ్యత ఏదీ లేదు.

మీరు చేయగలిగింది చాలా ఉంది. కౌన్సిల్ సమావేశానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు, పన్ను కట్టే నివాసిగా మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. మంచి చెడుల ఉపన్యాసం వద్దు, సూటిగా అడగండి. ఈ రాత్రికి నగరంలో షరతులు లేకుండా ఖాళీగా ఉన్న పడకలు ఎన్ని? కుక్క ఉన్నవారిని, భార్యాభర్తలను కలిపి తీసుకునేవి ఎన్ని? తొలగించిన సామాన్లు ఎక్కడ, ఎన్ని రోజులు ఉంచుతారు, తీసుకోవడానికి బస్సులో వెళ్లగలరా? నిషేధం అమలుకు ఇప్పటివరకు పోలీసు గంటలు ఎంత ఖర్చయ్యాయి? పార్కు గురించి మీ భార్య తన మాట తాను చెప్పాలి. ఆ తర్వాత, వాళ్లకు చోటు చూపించి పార్కు బాగుచేయండి అని ఆవిడ అడిగితే నా మాట కంటే ఎక్కువ బరువుంటుంది.

ఈ ఆదివారం పొట్లాలతో పాటు నీళ్లు చొరబడని ప్లాస్టిక్ సంచులు, మెడలో వేసుకునే రకం, ఒక ఇరవై కొనుక్కుని వెళ్లండి. కార్డులు, మందుల చీటీ అందులో పెట్టి ఒంటి మీదే ఉంచుకోమని చెప్పండి. ఒప్పుకుంటే ఆ కాగితాల ఫోటో వాళ్ల ఈమెయిల్‌కే పంపండి. ఇల్లు కావాలనేవారికి 211 అనే సహాయ కేంద్రం నంబరుకు మీ ఫోను నుంచే కలిపి ఇవ్వండి. గట్టు మీద ఎవరూ కనిపించకపోతే వెనక్కి వచ్చేయకండి. వాళ్లు ఊరు వదిలి వెళ్లి ఉండరు. వాగు వెంబడి అర మైలు నడవండి, ఫ్రీవే వంతెన కింద, గిడ్డంగుల వెనక చూడండి.